తొమ్మిది అచ్చులు

హుసేనమ్మ ఆరేళ్ళుగా మౌలాలి తాత శిష్యురాలు. ప్రతి గురువారం గుట్టెక్కి, దర్గా వసారాలో తాత ముందు కూర్చుంటుంది. కళ్ళు మూసుకుని, ఊపిరి లోపలికి పోయేటప్పుడొకసారి, బయటికొచ్చేటప్పుడొకసారి, తాత చెవిలో చెప్పిన నామం తలుచుకోవాలి. అంతే సాధన. ఆరేళ్ళలో ఎన్నడూ తప్పలేదు. ఈ ఏడే తప్పింది.

"నామం రావడంల్యా తాతా," అంది ఒకరోజు.

"మరేమొస్తాంది?"

"మార్కులు."

తాత ఊదుపాత్రలో నిప్పు కదిపాడు. "ఎవరివి?"

హుసేనమ్మ తల దించుకుంది. "ప్రమీల కూతురివి."

"నీ బిడ్డవో?"

"అవి తర్వాత వస్తాయి తాతా. తీసివేతకు."

నవ్వుతాడేమో అనుకుంది. తాత నవ్వలేదు.

హుసేనమ్మ కింద ఊళ్ళో కుట్టుమిషను మీద బతికే మనిషి. మొగుడు లారీ డ్రైవరు, నెలలో ఇరవై రోజులు రోడ్డుమీదే. ఒక్కతే కూతురు హిమజ, ఏడో తరగతి. ప్రమీలది ఎదురు సందు. ఆమె కూతురు సాహితిదీ అదే తరగతి, అదే బెంచీ. పిల్లలిద్దరూ జడ రిబ్బన్లు మార్చుకునేంత స్నేహం. తల్లులిద్దరూ ఒకరి బిడ్డ ప్రోగ్రెస్ కార్డు ఒకరు చదువుకునేంత స్నేహం.

నెలకోసారి బళ్ళో తల్లిదండ్రుల మీటింగు జరుగుతుంది. సార్లు వచ్చేలోపలే అసలు మీటింగు అయిపోతుంది.

"ఏమక్కా, హిమజకు లెక్కల్లో ఎన్నొచ్చినాయి?" ప్రమీల అడిగింది, తెలిసే.

"ఎనభై ఏడు."

"మంచివేలే అక్కా. ఏం బాధపడొద్దు."

ఆ 'ఏం బాధపడొద్దు' హుసేనమ్మ గొంతులో చేపముల్లులాగా దిగింది.

"మా సాహితికి నేను చెప్పే పనే లేదక్కా. తెల్లారుజామున నాలుగింటికంతా దానంతటదే లేస్తుంది. రాత్రికి ఒక్క చపాతీ, అంతే. కడుపు నిండిందనుకో, కళ్ళు మూతపడతాయి. ఖాళీ కడుపుతో చదివిందే బుర్రకెక్కుతుందంట."

"అట్లయితే మావానికి ఈ జన్మకు చదువు రాదులే తల్లీ," అంది వెనక బెంచీలో ఒకామె. "పెనం చప్పుడైతే చాలు, పుస్తకం మూసేస్తాడు."

అందరూ నవ్వారు. హుసేనమ్మ నవ్వలేదు. ఇంటికి పోయేదాకా ఒకటే ఆలోచన. ఒక్క చపాతీ అంట. నాలుగింటికంట.

ఆ రాత్రి నుంచి హిమజకు అర చపాతీ. మూడున్నరకు అలారం.

హిమజ ఎదురు చెప్పే పిల్ల కాదు. మొదటి వారం ఆకలేస్తోందంది. రెండో వారం నుంచి అదీ అనలేదు. మధ్యాహ్నం డబ్బా సగం మిగిలి వస్తే, రాతపని ఎక్కువై తినే తీరిక దొరకలేదేమో అనుకుంది తల్లి. యూనిఫాం స్కర్టు నడుము దగ్గర జారుతుంటే ఒక అంగుళం లోపలికి తీసి కుట్టింది. రెండు నెలల తర్వాత ఇంకో అంగుళం. "ఈ బడోళ్ళిచ్చే గుడ్డ ఉత్త సాగుడు గుడ్డ," అని మిషను తొక్కుతూనే తిట్టింది. ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళ నడుముల కొలత ఆమెకు టేపు పెట్టకుండానే తెలుసు.

ఒక గురువారం హిమజను కూడా గుట్టకు తీసుకొచ్చింది. ఫాతెహా చదివాక తాత పిల్లలందరికీ పుట్నాలూ చక్కెరా గుప్పెడు గుప్పెడు పంచాడు. మిగతా పిల్లలు అక్కడికక్కడే బుక్కేశారు. హిమజ మాత్రం చేతిరుమాల్లో వేసుకుని ముడేసింది.

"తినవేం పాపా?"

"పరీక్షలైపోయినాక తింటా తాతా."

తాత హుసేనమ్మ వైపు చూశాడు. ఆమె ముఖం వెలిగిపోతోంది. "చూసినారా తాతా? నేనేం చెప్పలేదు. దానంతటదే."

ఆ గుట్ట మీద ఒక మొక్కుంది. అనుకున్నది జరిగితే, ఎవరికోసం మొక్కుకున్నారో వాళ్ళను తక్కెడలో కూర్చోబెట్టి, వాళ్ళెత్తు బెల్లం తూచి దర్గాకిస్తారు. బెల్లం అచ్చు ఒక్కోటి కిలో. దాన్ని సాయంత్రంలోపల గుట్టెక్కిన వాళ్ళకంతా పంచేస్తారు. ఒక్క అచ్చు తక్కువైనా మొక్కు చెల్లదని భయం, అందుకని అందరూ నాలుగు ఎక్కువే మోసుకొస్తారు. పోయినేడు టైఫాయిడ్ నుంచి లేచాక హిమజ ఆ తక్కెడలో కూర్చుంది. ముప్పై ఒక్క అచ్చులు తూగింది. "జ్వరం పడి లేచిన బిడ్డ. పై ఏడు చూడు, తక్కెడ తెగుతుంది," అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు.

ఏడాది పరీక్షలకు ముందు హుసేనమ్మ ఆకుపచ్చ దారం పట్టుకుని వచ్చింది. దర్గా కిటికీకి ముడేసే ముందు మొక్కు తాతకు పైకే చెప్పాలి.

"హిమజ సాహితి కంటే పైన రావాల తాతా. వస్తే బిడ్డెత్తు బెల్లం."

"నీ బిడ్డ పైకి రావాలనా, ఆ బిడ్డ కిందికి పోవాలనా?"

"రెండూ ఒకటే గదా తాతా."

 తాత ముడి వేసుకోమన్నట్టు కిటికీ వైపు చెయ్యి చూపించాడు. 

మొక్కు ఫలించింది. హిమజకు ఐదు వందల డెబ్బై రెండు. సాహితికి ఐదు వందల డెబ్బై.

హుసేనమ్మ ఆ రెండు మార్కులనూ వారం రోజులు నెత్తిన పెట్టుకుని తిరిగింది. గుట్టకు రమ్మని మొదట పిలిచింది ఎవర్నో కాదు, ప్రమీలనే. "నువ్వు లేకుండా మొక్కెట్ల తీర్చేది ప్రమీలా? సాహితిని కూడా తీసుకురా. పాపం, దానిక్కూడా బాగానే వచ్చినాయి గదా. ఏం బాధపడొద్దని చెప్పు."

ప్రమీల వచ్చింది. రాకపోతే ఓడిపోయినట్టు. పట్టుచీర కట్టుకుని మరీ వచ్చింది. సాహితి ఆమె వెనక నిలబడింది.

పెరిగే బిడ్డ, ఏడాదికి నాలుగు కిలోలన్నా పెరిగుంటుందని లెక్కేసి, హుసేనమ్మ ముప్పై ఐదు అచ్చులు తెచ్చింది. తక్కెడలో బెల్లం పెట్టేది ఎప్పుడూ శిష్యుల పనే. హుసేనమ్మ మొదటి అచ్చు ఎత్తబోయింది. తాత దాన్ని ఆమె చేతిలోంచి తీసుకున్నాడు.

"ఈ పొద్దు నేను పెడతా. నువ్వు కూర్చో. ఎక్కువైనవి నీ ఒళ్ళో పెడతా, పట్టుకో."

హుసేనమ్మ తక్కెడ పక్కన నేలమీద బాసింపట్టు వేసుకుని, కొంగు పరుచుకుని కూర్చుంది.

హిమజ ఒక పలక ఎక్కి గొలుసులు పట్టుకుంది. రెండో పలకమీద తాత బెల్లం పేర్చసాగాడు. ఎనభై ఏళ్ళ మనిషి. ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. ముప్పై ఐదో అచ్చు పెట్టి, పలకల కింది దిమ్మెలు రెండూ లాగేశాడు.

బెల్లం పలక ధబ్బున నేలకు కొట్టుకుంది. హిమజ గాల్లోకి లేచిపోయింది.

"అమ్మా!"

జనం గొల్లుమన్నారు. "పిట్ట ఎగిరిపోతాంది, పట్టుకోండ్రా!"

తాత ఒక అచ్చు తీసి హుసేనమ్మ ఒళ్ళో పెట్టాడు. ఆమె కూడా నవ్వుతోంది. ఇంకోటి పెట్టాడు. మూడోది. నాలుగోది.

ఇక్కడికి పలకమీద మిగిలింది ముప్పై ఒకటి, పోయినేటి బరువు. పలక కదల్లేదు.

ఐదోది ఒళ్ళో పడింది.

"తాతా, గొలుసు యాడో పట్టేసినట్టుంది. చూడండి."

తాత గొలుసులు చూశాడు. పైన ముల్లు చూశాడు. పలక చేత్తో ఊపి చూశాడు.

"తక్కెడ అదే తల్లీ."

ఆరోది పెట్టాడు. నవ్వులు ఆగిపోయాయి. ఏడోది పెట్టేటప్పటికి, ఎవరో చంకలో బిడ్డను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకున్న చప్పుడు కూడా వినిపించింది. ఎనిమిదో అచ్చుకు బెల్లం పలక నేల విడిచింది. తొమ్మిదో అచ్చుకు రెండు పలకలూ సమంగా నిలిచాయి.

హుసేనమ్మ పైకి చూడలేదు. ఒళ్ళోకి చూసుకుంటోంది. తొమ్మిది అచ్చులు. తొడలు మొద్దుబారుతున్నాయి. ఈ బరువు ఆమెకు కొత్త కాదు. హిమజ ఏడాది పిల్లగా ఉన్నప్పుడు, ఉయ్యాల్లో ఉండనని ఏడిస్తే, ఇదే ఒళ్ళో వేసుకుని మిషను తొక్కేది. సరిగ్గా ఇంతే ఉండేది.

"తాతా," అంది. "ఇవి గూడా ఈడనే ఇచ్చేస్తా. తీసేసుకోండి."

తాత చేతులకంటిన బెల్లం తుడుచుకున్నాడు.

"దర్గా తీసుకున్నది ఇరవై ఆరే తల్లీ. ఆ తొమ్మిదీ మేము తీసుకున్నవి కావు."



పలకమీదినుంచి హిమజ మెల్లగా అడిగింది. "తాతా, నాకెంతొచ్చింది?"

"ఇరవై ఆరు పాపా."

హిమజ తలెత్తి స్నేహితురాలి కోసం వెతికింది. సాహితి తల్లి వెనక నుంచి ముందుకొచ్చింది.

"నాకైతే ఇంకా తక్కువే వస్తుంది," అంది. కొంచెం గర్వంగానే అంది.

ప్రమీల ఉలిక్కిపడి, బిడ్డను వెనక్కి లాగబోయి భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అక్కడ ఎముక మీద ఆగిపోయింది. లాగలేదు. తియ్యలేదు.

హుసేనమ్మ లేవబోయింది. ఒళ్ళో బరువు లేవనివ్వలేదు. కూర్చున్నచోటనే, పైనున్న అచ్చు అంచు విరిచి, ఆ ముక్క కూతురి నోటికి అందించింది.

"తిను బంగారూ."

హిమజ ముఖం పక్కకు తిప్పుకుంది.

"వద్దమ్మా. తింటే నిద్రొస్తుంది. రేపు ఎనిమిదో తరగతి బ్రిడ్జి కోర్సు టెస్టుంది."

చాచిన చెయ్యి చాచినట్టే ఉండిపోయింది. వేళ్ళ మధ్య బెల్లం మెల్లగా కరగడం మొదలుపెట్టింది.