కన్వర్టర్‌ని నమ్మించిన దాలినాయుడు

గుమ్మలపేట జంక్షన్లో నిలబడి తెలివైనవాళ్ళ ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. దాలినాయుణ్ణి అడిగితే మాత్రం తడుముకోకుండా చెబుతాడు. వేలు చాపి తన ఇల్లే చూపిస్తాడు. ఆ ఇంట్లో ఉండేది దాలినాయుడు, అతని భార్య చిన్నమ్మలు, తమ్ముడు ఎర్రినాయుడు. ముందు గదిలో పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేసే కొట్టు, వెనక గదిలో కాపరం.

"చెప్పినోడు ఒకటి చెప్తాడు, ఇన్నోడు ఇంకోటి సేస్తాడు. లోకం అందుకే ఇలగ తగలడింది. మనం అలగ కాదు. చెప్పింది చెప్పినట్టు సేస్తాం" అని దాలినాయుడు రోజూ కాఫీ తాగుతూ అనేవాడు. మిగతా ఇద్దరూ గర్వంగా తలలూపేవారు. ఊపరు మరి? మొన్నామధ్య ఎర్రినాయుడికి జ్వరమొస్తే డాక్టరు "అన్నం తిన్నాకే మాత్ర వేసుకో" అన్నాడు. జ్వరం కదా అని ఇంట్లో రోజూ ఉప్మా, కాకపోతే రొట్టె. అంతే, ఎర్రినాయుడు ఒక్క మాత్ర ముట్టలేదు. జ్వరం ముదిరి మంచమెక్కాడు గానీ మాట తప్పలేదు. ఆ సంగతి ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటారు.

సరిగ్గా అలాంటి ఇంటికే పుణ్యవతి పెళ్ళి వీడియో వచ్చి పడింది.

పెళ్ళి బాగానే జరిగింది. గొడవంతా ఆ తర్వాతే. పెళ్ళికొడుకు లోకనాథం పెదనాన్న సింహాద్రి, "పందిట్లో నాకు కొత్త కండువా కప్పలేదు. ఇంటికి పెద్దవాణ్ణి, నాకు మర్యాద జరగలేదు" అని అలిగి కూర్చున్నాడు. "కప్పానండీ, నా చేతుల్తోనే కప్పాను" అని పిల్ల తండ్రి నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. "కప్పినట్టు నా కళ్ళతో చూడాలి. చూసేదాకా ఆ పిల్ల నా గడప తొక్కడానికి వీల్లేదు" అన్నాడు సింహాద్రి. పాపం పుణ్యవతి పెట్టె సర్దుకుని పుట్టింట్లోనే కూర్చుంది. లోకనాథం రోజూ బండేసుకుని కొట్టుకి వచ్చి, దిగులు మొహంతో వీడియో సంగతి కనుక్కుని వెళ్తున్నాడు. అతన్ని చూస్తే దాలినాయుడికి జాలేసేది. ఎలాగైనా ఆ పిల్లని అత్తారింటికి చేర్చాల్సిందేనని పట్టుపట్టాడు.

పట్టుపడితే సరిపోదుగా, కంప్యూటర్ కూడా ఒప్పుకోవాలి. కెమెరాలో తీసిన వీడియోని ముందు వేరే రకంలోకి మారిస్తేగాని మిక్సింగ్‌కి పనికిరాదు. మార్చడానికో సాఫ్ట్‌వేర్ ఉంది, కన్వర్టర్. ఇన్నేళ్ళూ బుద్ధిగా పనిచేసింది. ఈ పెళ్ళికి కాస్త ముందు, కంప్యూటర్ మరీ నత్తనడక నడుస్తోందని బజార్లో రిపేర్లు చేసే మోహనరావుని పిలిచారు. అతనొచ్చి కంప్యూటర్‌ని నడిపించే పాత ఓఎస్ తీసేసి కొత్త ఓఎస్ వేశాడు. తెరమీద కొత్త కొండలు, కొత్త సముద్రం వచ్చాయి. ముగ్గురూ మురిసిపోయారు. ఇంకేముంది, పుణ్యవతి పెళ్ళికని కన్వర్టర్ మీద నొక్కితే చిన్న చక్రం గిర్రున తిరిగి, తిరిగి, చప్పుడు చెయ్యకుండా మాయమైపోయింది.

దాలినాయుడు మోహనరావుకి ఫోన్ చేశాడు.

"ఓఎస్ మారింది కదా, అలాగే ఉంటుంది. ఆ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ ఎక్కించండి. మొదటిసారి ఎలా ఎక్కించారో అచ్చం అలాగే, ఏమీ మార్చకండి" అని చెప్పి మోహనరావు పెట్టేశాడు.

"ఇన్నావురా? అచ్చం అలగే అన్నాడు. మొదటిసారి ఎక్కించినపుడు ఏటేటి జరిగినాది?" అన్నాడు దాలినాయుడు.

ఎర్రినాయుడు కళ్ళు మూసుకుని గుర్తు చేసుకున్నాడు. "ఆవేళ జోరున వాన, అన్నియ్యా. నాకు పంటిపోటు, బుగ్గ ఇంత వాచిపోనాది. సగం ఎక్కినాక కరెంటు పోనాది."

"అప్పటికి నేను ఈ ఇంటికి కోడల్ని అవ్వనేదు" అంది చిన్నమ్మలు.

"అవ్వనేదు కాబట్టి నువ్వు బైటికెళ్ళు. ఎలాగూ బైటికెళ్తన్నావు కాబట్టి మేడెక్కి వాన కురిపించు."

చిన్నమ్మలు బిందెలు మోసుకుని మేడెక్కింది. బైట ఎండ పెళపెళలాడుతోంది. కిటికీ ముందు మాత్రం బిందెలకొద్దీ వాన. ఎర్రినాయుడు బుగ్గలో చింతపండు ముద్ద కుక్కుకుని, దవడ పట్టుకుని "అమ్మో, అబ్బో" అని మూలగసాగాడు. దాలినాయుడు కన్వర్టర్ ఎక్కించడం మొదలుపెట్టాడు. సరిగ్గా సగం ఎక్కగానే లేచి వెళ్ళి మెయిన్ స్విచ్ ఆపేశాడు.

అంతే, ఇంతకుముందు కనీసం చక్రమైనా తిరిగేది. ఇప్పుడు అదీ లేదు. పైగా కిటికీలోంచి వచ్చిన వానకి పరుపు తడిసిపోయింది.

మళ్ళీ ఫోన్. జరిగిందంతా మోహనరావుకి చెప్పాడు. అతను మెల్లగా అన్నాడు, "వాన అక్కర్లేదు. కరెంటు ఆపక్కర్లేదు. మామూలుగా ఎక్కించండి. మధ్యలో ఏవో అడుగుతుంది. అడిగినదానికల్లా అవును అనండి. పని అయ్యేదాకా ఒక్కసారి కూడా కాదు అనకండి. కాదన్నారంటే మళ్ళీ మొదటికొస్తుంది."

దాలినాయుడు మళ్ళీ మొదలుపెట్టాడు. తెరమీద ప్రశ్న వచ్చినప్పుడల్లా అవును మీద నొక్కి, గట్టిగా "అవును" అని కూడా అంటున్నాడు. నోటితో అనమన్నాడు కదా మరి. పని సగంలో ఉండగా గుమ్మంలో కర్ర చప్పుడయింది. వచ్చింది సింహాద్రి.

"ఏం దాలినాయుడూ, మా వీడియో పనేనా అది?"

"అవును."

"అయితే పెళ్ళంతా చూసే ఉంటావు. నాకు కండువా కప్పలేదు కదా?"

దాలినాయుడు వీడియో ఇంకా ఒక్క ముక్క కూడా చూడలేదు. కాదు అందామని నోటిదాకా వచ్చింది. తెరవైపు చూశాడు. ఎంతవరకు ఎక్కిందో చూపించే గీత ఇంకా సగంలోనే ఉంది. కాదంటే మొదటికొస్తుంది. నుదుట చెమట తుడుచుకుని, "అవును" అన్నాడు.

"అంటే ఆ పిల్ల తండ్రి అబద్ధాలకోరేనన్నమాట!"

"అవును."

"ఈ సాయంత్రం మా వాకిట్లో నలుగుర్నీ కూచోబెడతాను. అందరి ముందూ ఆ వీడియో వేసి అతని బండారం బయటపెడతావా?"

"అవ్... అవును" అన్నాడు దాలినాయుడు ఏడుపు గొంతుతో.

సింహాద్రి మీసం దువ్వుకుంటూ వెళ్ళిపోయాడు. గీత నిండింది. కన్వర్టర్ ఎక్కింది. దాలినాయుడు ఊపిరి పీల్చుకుని దానిమీద నొక్కాడు. ఇంకేముంది, చక్రం గిర్రున తిరిగి మళ్ళీ మాయం.

"ఓలమ్మా, సాయంత్రానికి వీడియో నేకపోతే ఆ పెళ్ళికూతురు గుంట గతేటి?" అని చిన్నమ్మలు నోరు కొట్టుకుంది. దాలినాయుడు మూడోసారి ఫోన్ చేశాడు.

"ఓ పని చెయ్యాలి" అన్నాడు మోహనరావు. "అది పాత ఓఎస్ కోసం తయారుచేసిన సాఫ్ట్‌వేర్. కొత్తదాన్ని చూసి బెదిరిపోతోంది. ఇంకా పాత ఓఎస్‌లోనే ఉన్నట్టు దాన్ని నమ్మించాలి. ఒక చిన్న టిక్కు పెడితే... ఉండండి, ఎవరో కస్టమర్ వచ్చారు, మళ్ళీ చేస్తా."

"టిక్కు సంగతి తర్వాత. నమ్మించమన్నాడు, నమ్మించీద్దాం" అన్నాడు దాలినాయుడు.

అంతే, ముగ్గురూ కొంగులూ పంచెలూ బిగించారు. అటకమీంచి నిరుటి క్యాలెండర్ దించి గోడకి తగిలించారు. పాత కర్టెన్ కట్టారు. కొత్త కుర్చీ దాచేసి విరిగిన పాత కుర్చీ వేశారు. ఆపైన కంప్యూటర్ ముందు నిలబడి, దానికి వినపడేలా మాటలు మొదలుపెట్టారు.

"ఏటి మావా, కంప్యూటర్ ఇంత నెమ్మదిగా ఉన్నాది?" అంది చిన్నమ్మలు.

"పాత ఓఎస్ కదే, అలగే ఉంటది. మార్పించాలి, ఎప్పుడో."

"ఇప్పుడల్లా మార్చీకు అన్నియ్యా! పాతదే బావున్నాది" అని ఎర్రినాయుడు అరిచాడు.

సరిగ్గా అప్పుడే లోకనాథం పరుగెత్తుకుంటూ వచ్చాడు. "అన్నా, సాయంత్రం మా పెదనాన్న అందర్నీ పిలుస్తున్నాడు! నా పెళ్ళి వీడియో..."

దాలినాయుడు చటుక్కున అతని నోరు మూశాడు. "పెళ్ళేటి? నీకింకా పెళ్ళి కానేదు కదా!" అని గట్టిగా అన్నాడు.

"కాకపోవడమేంటన్నా? ఆ వీడియో నీ దగ్గరే ఉంది కదా! పుణ్యవతి..."

"పుణ్యవతెవరు? మాకు తెలీదు" అంది చిన్నమ్మలు కన్ను గీటుతూ.

"తమ్ముడూ, తొందరపడకు. మంచి సంబంధం చూద్దాం" అన్నాడు ఎర్రినాయుడు.

లోకనాథం గోడకి చేరగిలబడి కూలబడ్డాడు. ఉన్న ఒక్క సాక్ష్యమూ ఎగిరిపోయిందని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. దాలినాయుడు వంగి అతని చెవిలో, "పాత ఓఎస్ ఉన్నప్పుడు నీకు పెళ్ళి అవ్వనేదు బాబూ. గట్టిగా అనకు, కన్వర్టర్ ఇంటాది" అని గుసగుసలాడాడు.

లోకనాథం లేచి బజారుకెళ్ళి మోహనరావుని బండి వెనక కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాడు. మోహనరావు నిరుటి క్యాలెండర్‌ని చూశాడు, విరిగిన కుర్చీని చూశాడు, ఏమీ అడగలేదు. అడిగితే చెబుతారని భయం. కన్వర్టర్ మీద రెండు నొక్కులు నొక్కి, ఎక్కడో ఒక చిన్న గడిలో టిక్కు పెట్టాడు. కన్వర్టర్ ఠక్కున తెరుచుకుంది. వీడియో మారడం మొదలైంది.

"సూసావా, నమ్మీసింది!" అన్నాడు దాలినాయుడు.

మోహనరావు చేతులెత్తి దండం పెట్టాడు. "ఇది పూర్తయ్యేదాకా కంప్యూటర్‌ని నిద్రపోనివ్వకండి. మీ డిస్కు నిండిపోయింది కాబట్టి నా ఖాళీ డిస్కు, నా వైర్లు ఇస్తున్నాను. సాయంత్రం వీడియో చూపించి, పని అయిపోయాక అన్నీ ఎలా ఉన్నవి అలా పెట్టేయాలి. ఎక్కడివక్కడ. ఒక్కటి కూడా తేడా రాకూడదు. తేడా వస్తే ఇంకెప్పుడూ మీ ఇంటికి రాను" అని వెళ్ళిపోయాడు.

కంప్యూటర్ నిద్రపోకుండా ఎర్రినాయుడు పళ్ళెం వాయించాడు. చిన్నమ్మలు మధ్యమధ్యలో దానికి ఘాటైన కాఫీ వాసన చూపించింది. దాలినాయుడు పొడుపుకథలు వేశాడు. పొరుగువాళ్ళు తలుపులు మూసుకున్నారు. ఏమైతేనేం, ఎండ చల్లబడేసరికి వీడియో తయారైంది.

సింహాద్రి వాకిట్లో జనం కిటకిటలాడుతున్నారు. పిల్ల తండ్రి పుణ్యవతిని, ఆమె పెట్టెని ఆటోలో తీసుకొచ్చాడు. ఏమవుతుందోనని పాపం ఆ పిల్ల తలెత్తలేదు. లోకనాథం ఓ కుర్చీలో బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు. దాలినాయుడు డిస్కుని టీవీకి తగిలించి వీడియో వేశాడు. మంగళస్నానాలయ్యాయి, తలంబ్రాలయ్యాయి. అదిగో, పిల్ల తండ్రి జరీ అంచు కండువా తెచ్చి సింహాద్రి భుజాలమీద కప్పుతున్నాడు! తీరా చూస్తే సింహాద్రి బూరె నములుతూ కళ్ళు మూసుకుని ఉన్నాడు. పక్కనున్న పిల్లలు ఆ కండువా లాక్కుని ఆడుకోవడానికి పట్టుకుపోయారు.

వాకిలంతా ఒకటే నవ్వు. సింహాద్రికి ముందు సిగ్గేసింది, తర్వాత ఏడుపొచ్చింది. లేచి వియ్యంకుణ్ణి కావిలించుకున్నాడు. అతను వెంటనే మరో కొత్త కండువా తెప్పించి కప్పాడు. "అమ్మా పుణ్యవతీ, తప్పు నాదేనమ్మా. ఈ ఇల్లు నీది, లోపలికి రా" అన్నాడు సింహాద్రి. అందరూ వంటల దగ్గరికి కదిలారు.

"పని అయిపోనాది" అన్నాడు దాలినాయుడు కళ్ళు తుడుచుకుని. "ఇంక అన్నీ ఎలా ఉన్నవి అలా పెట్టీయాలి."

ఎర్రినాయుడు వైర్లు చుట్టాడు. "అన్నియ్యా, మోహనరావు ఇచ్చినపుడు ఈ డిస్కులో ఏటీ నేదు."

"అయితే తుడిచీ." పెళ్ళంతా తుడిచేశాడు. కొట్లో కంప్యూటర్లో ఉన్న అసలు కెమెరా వీడియో కూడా గుర్తుపెట్టుకుని, పరుగున వెళ్ళి అదీ తుడిచేసి వచ్చాడు.

"మావా, మనం వచ్చేసరికి ఈ పిల్ల ఇక్కడ నేదు" అంది చిన్నమ్మలు.

అంతే, పుణ్యవతిని, ఆమె పెట్టెని తీసుకెళ్ళి ఆటోలో కూర్చోబెట్టారు. మంచి ఘడియ చూసుకుని మళ్ళీ రావాలేమో, ఇక్కడి ఆచారమేమో అనుకుని ఆ పిల్ల కిక్కురుమనలేదు. ఆటో కదిలింది. ఈలోగా దాలినాయుడు సింహాద్రి దగ్గరికెళ్ళి భుజంమీది కండువా మర్యాదగా తీసేశాడు. "మేం వచ్చేసరికి మీరు అలిగున్నారు బాబూ. అటు తిరిగి కూచోండి" అని కుర్చీని గోడవైపు తిప్పాడు.

"ఒరేయ్, నా కండువా! నా కోడలేదిరా? ఆ వీడియో మళ్ళీ వెయ్యండి!" అని అరిచాడు సింహాద్రి.

"తుడిచీసాం బాబూ" అన్నాడు ఎర్రినాయుడు.

ఆ మాటతో సింహాద్రికి నిజంగానే అలకొచ్చింది. మొహం ఇంత చేసుకుని గోడవైపు తిరిగి కూర్చున్నాడు. లోకనాథం సంగతి గ్రహించి, "పుణ్యా!" అని కేకపెట్టి ఆటో వెనక పరుగెత్తాడు. మలుపు దగ్గర అందుకుని ఎగిరి లోపల కూర్చున్నాడు. ఆటో ఆగలేదు. ఇద్దరూ నవ్వుకుంటూ అటునుంచి అటే వెళ్ళిపోయారు, ఏ పెదనాన్న అనుమతీ అడగకుండా.

దాలినాయుడు ఖాళీ కుర్చీని చూసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "అయ్యో, ఒక్కటి తేడా వచ్చీసింది! మనం వచ్చేసరికి ఇక్కడ పెళ్ళికొడుకుండాలి."

కాస్త ఆలోచించాడు. అతని తెలివి ఎప్పుడూ అతని చెయ్యి విడవలేదు కదా. తీసేసిన కండువా తమ్ముడి మెడలో వేసి, లోకనాథం కుర్చీలో కూర్చోబెట్టాడు.

"దిగులుగా మొహం పెట్టరా. ఇంకొంచెం. పెళ్ళాం ఇంకా కాపరానికి రానేదు నీకు."

ఎర్రినాయుడు కళ్ళలో నీళ్ళు తెచ్చుకున్నాడు. దాలినాయుడు రెండడుగులు వెనక్కి వేసి వాకిలంతా ఒకసారి తృప్తిగా చూసుకుని, మోహనరావుకి ఫోన్ చేసి, అన్నీ ఎలా ఉన్నవి అలాగే పెట్టేశామని చెప్పాడు.