మంగతాయారు నడుమూ, ఊపిరి పీల్చే పరుపూ

ముందు ఒక ప్రశ్నకి జవాబు చెప్పండి. మీ ఇంట్లో పరుపు కొన్నప్పుడు ఎవరి నడుముని అడిగి కొన్నారు? తొందరేం లేదు, ఆలోచించుకోండి. ఈలోగా రాజమండ్రిలో గవర్రాజు గారింట్లో పరుపు ఎలా కొన్నారో చెబుతాను.

ఆ ఇంట్లోవాళ్ళకి తమ తెలివి మీద మహా గురి. వీధి తలుపు మీద 'ఆలోచించి తలుపు కొట్టండి' అని ఎర్రరంగుతో రాయించారు. వచ్చినవాళ్ళు తలుపు ముందు నిలబడేవారు, కాసేపు ఆలోచించేవారు, వెనక్కి వెళ్ళిపోయేవారు. చుట్టాలూ అంతే, గ్యాస్ బండ తెచ్చినవాడూ అంతే. మన గుమ్మం తొక్కితే చాలు, ఎవరికైనా తెలివి అబ్బేస్తోందని గవర్రాజు మురిసిపోయేవాడు. తల్లి బుల్లెమ్మ గారూ, తమ్ముడు చిట్టిబాబూ అవునవునని తలలూపేవారు. భార్య మంగతాయారు తల కూడా ఊగేది. కాకపోతే ఆవిడది ఒప్పుకోవడం కాదు, కునికిపాటు.

మంగతాయారుకి నిద్ర లేదు మరి. ఆవిడ దూది పరుపు కాపరానికి వచ్చిననాటిది. అటు తిరిగితే ఉండ, ఇటు తిరిగితే గుంట. దానికి తోడు ఎండాకాలం. ఆ పరుపు మీద పడుకుంటే పెనం మీద అట్టులా అటూ ఇటూ తిరగేసుకోవడమే. నడుము పట్టేసి, వంగితే లేవలేదు, లేస్తే వంగలేదు. నగలు అడగలేదు, చీరలు అడగలేదు. ఒళ్ళు తెలియకుండా ఒక్క నిద్ర తీయాలని ఉండేది, అంతే.

నిద్రమత్తులో ఓ పొద్దున కాఫీలో పంచదారకి బదులు ఉప్పు వేసింది. ఇంకేముంది, ఇంట్లో సభ పెట్టారు. తప్పు ఉప్పుదేనని తేల్చారు. ఉప్పు డబ్బా అటకెక్కింది. మర్నాడు కాఫీలో పసుపు పడింది. పసుపు డబ్బా కూడా అటకెక్కింది. ఆ మర్నాడు ఇంగువ. వంటింట్లో ఇక ఎక్కించడానికి డబ్బాలు లేకపోయాక, గవర్రాజు పెళ్ళాన్ని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు.

డాక్టరమ్మ నడుము నొక్కి చూసింది. ఒంటి వంపుకి తగ్గట్టు అణిగే మెమరీ ఫోమ్ పరుపు కొనమంది. ఈ ఎండలకి గాలి ఆడే రకం, చల్లగా ఉండే రకం చూసుకోమంది. వెళ్ళేముందు ఇంకో మాట కూడా చెప్పింది. "తొందరపడి కొనేయకండి. ఇంట్లో ఎలా పడుకుంటారో, షాపులోనూ అచ్చంగా అలాగే పడుకుని చూడండి."

అంతే. ట్రాలీ ఆటో మాట్లాడారు. దిండ్లు ఎక్కాయి, దుప్పట్లు ఎక్కాయి, దోమతెర ఎక్కింది. టిక్కుటిక్కు వినపడందే గవర్రాజుకి కన్ను మూతపడదు కాబట్టి గోడ గడియారం ఎక్కింది. దండం పెట్టుకోందే బుల్లెమ్మ గారు నడుం వాల్చరు కాబట్టి దేవుడి పటం ఎక్కింది. ఆఖర్న మంగతాయారు మినప్పప్పు గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఎక్కింది.

పరుపుల షాపు నూకరాజుది. దోమతెర చూసి కొంచెం కంగారు పడ్డాడు గానీ, బేరం కదా అని నవ్వు మొహం పెట్టాడు. మంచి పరుపు ఒకటి చూపించి, దాని మీద చెయ్యి నొక్కి తీయమన్నాడు. గవర్రాజు నొక్కి తీశాడు. చెయ్యి అచ్చు దిగింది. చూశారా ఎలా గుర్తుపెట్టుకుందో అని నూకరాజు అంటూ ఉండగానే అచ్చు మెల్లిగా మాయమైపోయింది. గవర్రాజు మొహం మాడిపోయింది. ఇంత మతిమరుపు పరుపు మాకెందుకయ్యా అన్నాడు. సగం నిద్రలో నన్ను మరిచిపోయి, ఎవరో అనుకుని కిందికి తోసేస్తే ఎవరు పూచీ అన్నాడు. బుల్లెమ్మ గారు పరుపు మీదికి వంగి తన పేరూ, ఇంటిపేరూ, గోత్రమూ నెమ్మదిగా చెప్పి, కాసేపాగి అడుగుతాను, గుర్తుంచుకో తల్లీ అన్నారు.

తరవాత దోమతెర కట్టారు. గడియారం తగిలించారు. గవర్రాజు ఓ పరుపు మీద, బుల్లెమ్మ గారు ఇంకో పరుపు మీద, చిట్టిబాబు మరో దాని మీద ముసుగు తన్నారు. మంగతాయారు మాత్రం నిలబడే ఉంది.

"నడుంనొప్పి ఎవరికండీ?" అని నూకరాజు అడిగాడు.

"మా ఆవిడకి," అన్నాడు గవర్రాజు దోమతెరలోంచి.

"మరి ఆవిడ పడుకోరేంటండీ?"

"ఇంట్లో ఎలాగో అలాగే చూడమన్నారు కదండీ. ఇంట్లో మేం పడుకునే వేళకి తనెప్పుడు పడుకుంది?"

మంగతాయారు ఆ మాట నిజమేనని తలూపి, ఇంట్లో ఎలాగో అలాగే పని మొదలుపెట్టింది. షాపు బిందెలో నీళ్ళు వంచి పప్పు నానబెట్టింది. నూకరాజు తాగుతున్న టీ గ్లాసు చేతిలోంచి తీసుకుని, పిల్లి ముట్టకుండా మూత పెట్టింది. లైట్లన్నీ ఆర్పింది. ఆఖర్న వీధి తలుపు వెయ్యాలి కదా, వెళ్ళి షట్టరు కిందికి లాగేసింది.

ఇంకేముంది, మిట్టమధ్యాహ్నం షాపు చీకటి గుయ్యారం. బేరమాడుతున్న ఓ పెద్దాయన బుల్లెమ్మ గారి కాళ్ళ మీద కూర్చున్నాడు. ఆవిడ పెట్టిన కేకకి నూకరాజు మినప్పప్పు గిన్నెలో కాలు పెట్టాడు. పెళ్ళి పరుపు కొనడానికొచ్చిన కుర్రాడొకడు దోమతెరలో చిక్కుకుని గవర్రాజు పక్కన పడ్డాడు. వీధిలో పక్క షాపువాళ్ళు మూసిన షట్టరు చూసి, ఇవాళ బంద్ కాబోలనుకుని తమవీ దించేశారు. వాళ్ళని చూసి ఎదురు వరసవాళ్ళు దించేశారు. లైట్లు వెలిగేసరికి బజారంతా బంద్. ఎందుకో ఎవరికీ తెలియదు.

నూకరాజు చేతులెత్తి దండం పెట్టాడు. మంచి పరుపునే చుట్ట చుట్టి అట్టపెట్టెలో పెట్టి, తనే మోసుకొచ్చి ఆటో ఎక్కించాడు. ఇంటికెళ్ళి కవరు కోయండి, కాసేపు గాలి పీల్చుకోనివ్వండి, అది బాగా తేరుకున్నాకే పడుకోండి అని చెప్పాడు. ఆ మాట చెప్పకుండా ఊరుకున్నా బాగుండేది.

ఇంటికొచ్చి, పడకగదిలో కవరు కోశారు. బుస్సుమంది. చుట్ట విప్పుకుని మెల్లిగా ఉబ్బింది. ఊపిరి తీసుకుందిరా అన్నారు బుల్లెమ్మ గారు. తరవాత కదలడం మానేసింది. చిట్టిబాబు చెవి ఆనించి విని, ప్రయాణపు బడలిక కదా, నిద్రపోయిందని తేల్చాడు. అంతే, ఇల్లంతా గుసగుసలు. కుక్కర్ పెట్టడానికి వీల్లేదు, కూత పెడుతుంది. గడియారం మళ్ళీ గోడ ఎక్కడానికి వీల్లేదు, టిక్కుటిక్కుమంటుంది. చల్లగా ఉండాలన్నారు కాబట్టి తడిగుడ్డ నుదుటి మీద వేద్దామన్నారు బుల్లెమ్మ గారు. నుదురు ఎటో తేలక, రెండు వైపులా వేశారు. ఫ్యాను తిప్పి దానికే పెట్టారు. ఇంతలో కరెంటు పోయింది. విసనకర్ర మంగతాయారు చేతికొచ్చింది.

మిగతావాళ్ళు బయటికి వెళ్ళాక మంగతాయారు పరుపుని తేరిపార చూసింది. తెల్లగా, మెత్తగా, ఒక్క ఉండ లేకుండా ఉంది. ఓ మూల తల ఆనిస్తే ఏం పోతుందనిపించింది. చెయ్యి చాపింది. మళ్ళీ వెనక్కి తీసుకుంది. నిద్రలో ఉన్నదాన్ని లేపితే ఎంత ఉసూరుమంటుందో ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? మనసొప్పలేదు. కింద పరిచి ఉన్న అట్టపెట్టె మీద కూర్చుని విసరసాగింది. విసరగా విసరగా చెయ్యి వాలింది, తల వాలింది, నడుము వాలింది. మంగతాయారు నిద్రపోయింది. ఒళ్ళు తెలియని నిద్ర, గురక పెట్టే నిద్ర.

గురక విని ముగ్గురూ పరిగెత్తుకొచ్చారు. పరుపు గురక పెడుతోందని చిట్టిబాబు సంబరపడ్డాడు. తీరా చూస్తే వదిన. ఇంకేముంది, గవర్రాజు ఆవిడ భుజం పట్టి కుదిపాడు.

"మంగా, లే. నీ గురకకి అది లేచిపోతుంది."

"అయ్యో, లేచిందా అండీ?"

"లేదులే, ఇంకా పడుకునే ఉంది."

"హమ్మయ్య," అంది మంగతాయారు.

ఆ ఇంట్లో మంగతాయారు లేచిందంటే కాఫీ వేళ. వెళ్ళి పెట్టింది. ఆ కాస్త కునుకుతోనే కళ్ళు తేటపడ్డాయేమో, ఉప్పు లేదు, పసుపు లేదు, ఇంగువ లేదు. పంచదార సరిగ్గా సరిపోయింది. గవర్రాజు ఓ గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు.

"చూశావా అమ్మా, ఆ పరుపు కాస్త నిద్రపోయిందో లేదో, కాఫీ కుదిరింది."

వెంటనే సభ పెట్టారు. ఇకమీదట ఆ పరుపు మీద ఎవరూ పడుకోకూడదని తీర్మానం అయింది. దానికి రోజూ విసిరే బాధ్యత మంగతాయారుది. అట్టపెట్టె మనుషుల చేత గురక పెట్టిస్తోందని బుల్లెమ్మ గారు దాన్ని పాత పేపర్లవాడికి ఇచ్చేశారు. చిట్టిబాబు ఎర్రరంగు తెచ్చి పడకగది తలుపు మీద కూడా రాశాడు: 'ఆలోచించి తలుపు కొట్టండి.' మంగతాయారు చప్పుడు కాకుండా ఆ తలుపు దగ్గరగా వేసి, హాల్లో తన ఉండల పరుపు దులుపుకుంది.

నవ్వారు కదా? నవ్వండి. నవ్వడం అయ్యాక ఒక్క పని చేసిపెట్టండి. మీ ఇంట్లో అందరికంటే ఆఖర్న పడుకునే ఆవిడ ఎవరో చూడండి. ఇవాళ ఆవిడని ముందు పడుకోనివ్వండి, మంచి పరుపు మీదే. పప్పు మీరు నానబెట్టండి, తలుపు మీరు వెయ్యండి, లైటు మీరు ఆర్పండి. పొద్దున కాఫీ ఆలస్యమైతే, దయచేసి లేపకండి.