‘మబ్బు’ అని రాసిన చీటీ

“మబ్బొచ్చె మబ్బొచ్చె మావ మడిమీద, ఉరమకే ఉరమకే…” అని మా మేనత్త ఊడ్పుల్లో పాడేది. ఆ తర్వాతి ముక్క ఎంత తవ్వుకున్నా రాదు.

రూతు టీచరుగారి నీలం బొమ్మ ముందు నిలబడితే నాకు ఆ పాటే గుర్తొచ్చేది. ఆవిడ బొమ్మల్లో మనుషులుండరు, చెట్లుండవు. ఒట్టి రంగులు. మా వైపు అలాంటివి వేసిన మొదటి మనిషి ఆవిడే. నేను ఆవిడ దగ్గర బొమ్మలు వేయడం నేర్చుకునేదాన్ని. అక్షరాలూ ఆ రోజుల్లోనే నేర్చాను, జుట్టు నెరిశాక.

ఎన్నో ఏళ్లు తిరగ్గా తిరగ్గా టౌన్ హాల్లో ఆవిడ బొమ్మలు పెట్టనిచ్చారు. చూడ్డానికి వచ్చినవాళ్లు నవ్వారు.

“సున్నం వేసేవాడు కుంచె దులుపుకున్నట్టుంది” అన్నాడొకడు.

“రేపూ ఇలాగే నవ్వితే దించేస్తాం టీచరుగారూ” అన్నాడు హాలు సెక్రటరీ పైడిరాజు.

నాకు ఒళ్లు మండింది. ఆవిడ టీ తాగడానికి వెళ్లినప్పుడు చీటీ మీద ‘మబ్బు’ అని రాసి, ఒత్తు కూడా సరిగ్గా పెట్టి, నీలం బొమ్మ కింద అంటించాను.

నవ్వులు ఆగాయి. “ఓహో, మబ్బా” అని తలలూపి వెళ్లిపోతున్నారు.

“ఇలా చెబితే మాకూ తెలుస్తుంది కదా” అన్నాడు పైడిరాజు.

టీచరుగారు వచ్చి చీటీ చూశారు. మొహం కందిపోయింది. మాట్లాడకుండా దాన్ని ఊడదీసి పక్కనున్న ఎర్రబొమ్మ కింద అంటించారు.

“ఇది సాయంకాలం మబ్బు” అన్నాడు పైడిరాజు.

మళ్లీ ఊడదీసి, గోడకి చెమ్మ దిగిన మరక కింద అంటించారు.

“ఇది నల్లమబ్బు. అన్నిట్లోకీ ఇదే…” అంటూ ఆగిపోయాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

“రేపు కాదు, ఇప్పుడే దించండి” అని అరిచి వెళ్లిపోయాడు.

నేనూ ఆగలేకపోయాను. “మీకోసమే కదా రాశాను. మిమ్మల్ని చూసి నవ్వుతుంటే ఊరుకోమంటారా? చేతులారా పోగొట్టుకున్నారు.”

“నవ్వినవాళ్లు నిలబడి నవ్వారే” అన్నారావిడ. “నీ చీటీ చదివి ఒక్కరైనా నిలబడ్డారా?”

నా కోపం మాత్రం తగ్గలేదు.

ఆవిడ నీలం బొమ్మ దించి నా చేతుల్లో పెట్టారు. వారం తిరక్కుండా జ్వరమొచ్చి పోయారు. ఆ బొమ్మ ఇస్తూ నాతో ఆఖరుగా అన్నది ఇదే:

“పట్టుకుపో నూకాలూ. అక్షరాలు రానిదానిలా చూడు.”