సువర్చల కోలాటం

అనగా అనగా, బాపట్ల పక్కన ఒక ఊళ్ళో సువర్చల అని ఓ పిల్ల ఉండేదే చిన్నీ. వాళ్ళ నాన్న శ్రీహరిది పునుగుల బండి. అమ్ముడుపోనివన్నీ ఇంటికే వచ్చేవి. పిల్ల బొద్దుగా ముద్దొస్తోందని అందరూ ఇంకాసిని పెట్టేవాళ్ళు.

అట్లా అట్లా సువర్చలకి ఒళ్ళు బాగా వచ్చేసింది. మెడ చుట్టూ నల్లబడింది. మట్టేమో అనుకుని వాళ్ళమ్మ రత్నకుమారి సున్నిపిండి పెట్టి రుద్దింది. మెడ మండింది గానీ నలుపు పోలేదు.

అప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి, అది మట్టి కాదమ్మా, లోపల చక్కెర అదుపు తప్పుతోంది, కాలేయం కూడా కాస్త దెబ్బతింది, ఇప్పుడే జాగ్రత్తపడితే దారికొస్తుంది అని చెప్పింది. ఆదివారాలు ఇలాంటి పిల్లలకీ అమ్మానాన్నలకీ కలిపి ఆటలూ, తిండి పద్ధతులూ నేర్పిస్తాం, ముగ్గురూ రండి అంది. బండి మానుకుని శ్రీహరి ఎట్లా వెళ్తాడు? ఎవరూ వెళ్ళలేదు.

ఆ తర్వాత అమ్మ, పిల్ల కంచంలో అన్నం తగ్గించింది. సువర్చల ఆకలికి ఆగలేక దొంగచాటుగా తినేది. నాన్న బడి మైదానంలో పరిగెత్తమన్నాడు. తోటిపిల్లలు నవ్వితే ఏడుస్తూ వచ్చేసింది. ఆ తర్వాత ఓ రోజు అందరూ పునుగులు తింటూ తనకి మాత్రం కీరా ముక్కలు పెట్టారు. సువర్చల కంచం పక్కకి నెట్టింది.

"నేనేం తప్పు చేశాను నాన్నా? నాకొక్కదానికే ఎందుకు?"

శ్రీహరి చేతిలో పునుగు చేతిలోనే ఉండిపోయింది. ఆ ఆదివారం బండి పెట్టలేదు. ముగ్గురూ ఆసుపత్రికి వెళ్ళారు.

అప్పట్నుంచి ఇంట్లో అందరికీ ఒకటే వంట. కూర ఎక్కువ, అన్నం తక్కువ. కూల్‌డ్రింకు పోయి మజ్జిగ వచ్చింది. ఫోన్లు పక్కన పడేసి పెందలాడే పడుకునేవాళ్ళు. ఆదివారాలు ఆసుపత్రిలో కోలాటం నేర్పేవాళ్ళు. కర్రలు చేతికొస్తే చాలు, సువర్చల కాలు నిలిచేది కాదు.

కొన్ని నెలలకి మళ్ళీ చూపించుకున్నారు. బరువు పెద్దగా తగ్గలేదు. రత్నకుమారి కళ్ళు తుడుచుకుంది. డాక్టరమ్మ మాత్రం రక్తపరీక్ష చూసి నవ్వింది. చక్కెర దారికొచ్చింది, కాలేయం కూడా తేరుకుంటోంది, బరువు నిదానంగా దిగుతుంది, ఈ పద్ధతి వదలకండి అంది.

దసరాకి తల్లీకూతుళ్ళు వీధిలో కోలాటం వేశారు. మధ్యలో రత్నకుమారి ఆయాసంతో ఓ అరుగు మీద కూలబడింది. సువర్చల వెనక్కొచ్చి చెయ్యి అందించింది.

"లే అమ్మా, నిదానంగా వేద్దాం. నీ పక్కనే ఉంటా."

ఇద్దరూ వీధి చివరిదాకా వేసుకుంటూ వెళ్ళారు.

కథేమో కంచి బస్సెక్కింది,
నిద్రేమో నీ కళ్ళకెక్కింది.