పచ్చిదూది బొంత

అనగనగా ఒక అడవిలో ఎవరికీ అక్కర్లేని వస్తువులన్నీ నడిచి నడిచి ఒకే ఇంటికి చేరేవి. ఆ ఇల్లు పైడమ్మ అనే ముళ్లపందిది. నడిచి అంటే వాటికి కాళ్లొచ్చాయని కాదు. పైడమ్మే రోజూ పొద్దున్నే బుట్ట పట్టుకుని తిరిగి వాటిని ఏరుకొచ్చేది. కట్టెలవాళ్లు వదిలేసిన గోనెపట్టా, ముళ్లకంపకు చిక్కి చిరిగిన చీర అంచు, పాము విడిచిన కుబుసం, నెమలి రాల్చిన ఈక, ఏదీ విడిచిపెట్టేది కాదు.

వాటితో ఆమె బొంతలు కుట్టేది. సూది కోసం ఎక్కడికీ వెళ్లేది కాదు. తన ఒంటి మీంచి రాలిన ముల్లే సూది. కలబంద నారే దారం. కింద గోనెపట్టా పరిచి, పైన గుడ్డపీలికలను రంగుకు రంగు కుదిర్చి, మధ్యలో బూరుగు దూది నింపి, చుట్టూ కుబుసంతో అంచు కట్టేది. ఎండలో ఆరేస్తే ఆ అంచు తళతళలాడేది. ఒక బొంత లాంటిది ఇంకోటి ఉండేది కాదు. ఎలా ఉంటుంది చెప్పండి, ఒకసారి దొరికిన పీలిక మళ్లీ దొరుకుతుందా? అంత ఓపిక, అంత పనితనం ఆ అడవిలో ఇంకెవరికీ లేదు.

అయినా మెచ్చుకునేవాళ్లు తక్కువ, నవ్వేవాళ్లు ఎక్కువ. వాగు ఒడ్డున నిక్కులమ్మ అనే కొంగ ఉండేది. ఆమె రెక్కల మీద చిన్న మరక కూడా ఉండేది కాదు. ఆమె కనిపించినప్పుడల్లా, మేం ఊడ్చి పారేసింది నువ్వు ఇంట్లో పరుచుకుంటావా అని పైడమ్మను దెప్పేది. పైడమ్మకు కోపం వచ్చేది కాదంటే అబద్ధమే. వచ్చేది. కానీ సూదిలో నార ఎక్కించేసరికి దాన్ని మరిచిపోయేది.

ఆమెకు ఒక్కటే కట్టుబాటు. రాలిందే ఏరాలి, పచ్చిది కోయకూడదు. బూరుగు కాయ కూడా చెట్టు మీదే పండి, ఎండి, తనంతట తాను పగిలాకే దూది తీసుకోవాలి. ఎందుకని చిన్నప్పుడు అడిగితే వాళ్లమ్మ, "పచ్చిదానికి ఇంకా చెట్టు మీదే మనసుంటుంది తల్లీ, బొంతలో ఒదగదు" అని చెప్పింది.

ఒక ఏడు ఎండాకాలం చివర్లో కస్తూరి అనే లేడి రొప్పుకుంటూ పైడమ్మ గుమ్మంలోకి వచ్చింది. దానికి నెలలు నిండకుండానే పిల్ల పుట్టింది. ఎముకల గూడులా ఉందట. పొద్దుటి గాలికే వణికిపోతోందట. ఇంకా లేచి నిలబడలేదట.

"మృగశిర కార్తె ఎనిమిది రోజుల్లోకి వచ్చేసింది అత్తా. నేను మేతకు వెళ్లినప్పుడు ముసురు పట్టిందంటే నా బిడ్డ నాకు దక్కదు" అంది కస్తూరి.

"ఏడో రోజుకి బొంత ఇస్తాను. ఏడవకు" అంది పైడమ్మ.

మామూలుగా ఒక బొంతకు నెల పట్టేది. పైడమ్మ తిండి కూడా సరిగ్గా తినకుండా నాలుగు రోజుల్లో పైదీ కిందదీ కుట్టేసింది. ఇక దూది కావాలి. కొండ కింద బూరుగు చెట్టు దగ్గరికి వెళ్లింది. అక్కడి దూదంతా గాలికి ఎగిరిపోయింది. వాగు పక్క చెట్టు దగ్గరికి వెళ్లింది. అక్కడి దూది పిట్టలు గూళ్లకు పట్టుకుపోయాయి. కాళ్లీడ్చుకుంటూ కొండ అవతలి చెట్టు దగ్గరికి వెళ్లింది. చిటారు కొమ్మన నాలుగు కాయలున్నాయి. నాలుగూ పచ్చివే.

ఆ కొమ్మ మీద దూకుడయ్య అనే కోతి కూర్చుని ఉన్నాడు. సంగతి విని, "కోసి పడేయనా? పచ్చిదైతే ఏం, లోపల ఉండేది దూదే కదా" అన్నాడు.

వద్దని చెప్పి పైడమ్మ వెనక్కి తిరిగింది. కానీ దారిలో కస్తూరి ఉండే పొద ఉంది. పొదలో పిల్ల ఒక్కతే పడుకుని ఉంది. పట్టపగలు, ఎండలో కూడా దాని ఒళ్లు సన్నగా వణుకుతోంది. ఇంకా మూడు రోజులే ఉన్నాయి. ఆలస్యం అమృతం విషం అని పైడమ్మ తనకు తానే చెప్పుకుంది. మళ్లీ కొండ దాటి వెళ్లి, "కొయ్యి" అంది.

ఏడో రోజు పొద్దున బొంత తయారైంది. దాన్ని చూడటానికి అడవి అడవంతా వచ్చింది. ఎరుపు పక్కన పసుపు, పసుపు పక్కన నీలం, చుట్టూ మెరిసే కుబుసం. నిక్కులమ్మ కూడా మెడ చాచి చూసి, "ఇంత అందమైనది నేనెప్పుడూ చూడలేదు పైడమ్మా" అంది. ఎన్నేళ్లుగానో ఆ నోట ఆ మాట వినాలని పైడమ్మకు ఉండేది. ఆమె సంతోషానికి పట్టపగ్గాలు లేవు.

బొంత మడిచి కస్తూరికి ఇస్తూ, అలవాటు కొద్దీ అరచేత్తో ఒకసారి అదిమింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. లోపల దూది పొంగలేదు. ముద్దకట్టి ఉంది. చల్లగా తగిలింది.

చుట్టూ చూసింది. అందరి ముఖాల్లో సంబరమే. కస్తూరి కళ్లల్లో నీళ్లు. కొండ మీద మబ్బు దిగుతోంది. ఊరుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు.

"కస్తూరీ, ఇది నీకు ఇవ్వలేను" అంది పైడమ్మ.

"ఎందుకత్తా? బాగుంది కదా."

"పైకి బాగుంది. లోపల పచ్చిదూది పెట్టాను. తెలిసే పెట్టాను. ఇది కప్పితే నీ బిడ్డకు చలి తగ్గదు, పెరుగుతుంది."

నిక్కులమ్మ దగ్గరికొచ్చి, "నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలిసేది?" అంది.

"నా చేతికి తెలిసింది కదా" అంది పైడమ్మ.

అందరూ చూస్తుండగానే ఒక పక్క కుట్టు విప్పేసింది. దూది బూజుపట్టి, ముక్కిపోయిన వాసన కొడుతూ బయటికి వచ్చింది. అందరూ ముక్కులు మూసుకున్నారు. దూకుడయ్య తల గోక్కుంటూ పక్కకు చూశాడు. పైడమ్మకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. అయినా ఆ దూదంతా చివరి పోగు వరకూ తీసి పారేసింది.

తర్వాత ఇంట్లోకి వెళ్లి ఒక పాత బొంత తెచ్చింది. అది వాళ్లమ్మ కుట్టింది. పైగుడ్డ చివికిపోయింది, వానకు ఆగదు. పుట్టినప్పటి నుంచి పైడమ్మ దాన్నే కప్పుకుని పడుకునేది. మరి ఇంతవరకు అది గుర్తు రాలేదా అంటారా? వచ్చింది. మొదటి రోజే వచ్చింది. కానీ అమ్మ వేసిన కుట్లు విప్పడానికి మనసొప్పలేదు. ఇప్పుడు ఒక్కో కుట్టూ విప్పుతుంటే కళ్లు మసకబారాయి. లోపల దూది పొడిగా, తేలిగ్గా, వెచ్చగా ఉంది. దాన్ని కొత్త బొంతలో నింపింది.

అంతలో చినుకు మొదలైంది. ఇంట్లోకి వెళ్తే చీకటికి కుట్టు కనపడదు. ఎవరూ అడగకుండానే నిక్కులమ్మ వచ్చి పైడమ్మ మీద రెండు రెక్కలూ గొడుగులా పట్టింది. బురద చింది తెల్లటి రెక్కల నిండా మరకలయ్యాయి. అయినా కదల్లేదు. దూకుడయ్య నార అందించాడు. పైడమ్మ ముల్లు గుచ్చుతూ, లాగుతూ, ముడి వేస్తూ పోయింది. ఆఖరి ముడి పడేసరికి వాన జోరందుకుంది. కస్తూరి బొంతను కడుపు కింద దాచుకుని పరుగెత్తింది.

ముసురు ఐదు రోజులు విడవలేదు. పైడమ్మ ఎండుటాకుల్లో ముడుచుకుని పడుకుంది. ఒంటి నిండా ముళ్లున్నంత మాత్రాన చలి ఆగదు కదా. కానీ ఆమెకు తన చలి గొడవ పట్టలేదు. ఆ పిల్ల ఎలా ఉందో అన్న దిగులుతోనే ఐదు రోజులూ గడిపింది.

ఆరో రోజు ఎండ వచ్చింది. కస్తూరి వచ్చి గుమ్మం ముందు నిలబడింది. దాని వెనక, వీపు మీద బొంత వేలాడేసుకుని, నాలుగు కాళ్ల మీద మెల్లగా పిల్ల నడిచి వస్తోంది.

పైడమ్మ ముందు బొంత కుట్టు చూసింది. తర్వాత పిల్ల కాళ్లు చూసింది. రెండూ గట్టిగానే ఉన్నాయి.

నీతి: లోకం కంటికి కనపడని లోపాన్ని కూడా తమ చెయ్యి కనిపెడితే, విప్పి మళ్లీ కుట్టేవాళ్లే అసలైన పనివాళ్లు.