ముడివిప్పు మలుపు

అనగనగా, కొండకి దారి పడింది గానీ దారిలో మలుపులకింకా పేర్లు పెట్టని కాలం. కొండ కింద, గెడ్డ ఒడ్డున, పైడమ్మ అని ఒక మేదరావిడ ఉండేది. వెదురు చీల్చేది, బద్దలు తీసేది, బుట్టలు అల్లేది. అల్లినవన్నీ తలకెత్తుకుని కొండెక్కి అమ్ముకొచ్చేది. మొగుడు పోయాడు. ఒక్కతే కూతురు సీతాలు. ఆ పిల్లని కొండమీది ఊరికే ఇచ్చి చేసింది.

ఆ కొండమీద ఒక కాఫీతోట దొర ఉండేవాడు. ఆయనకో కారుండేది. కారంటే ఏమంత కారు! గుమ్మడికాయకి చక్రాలు తగిలించినట్టుండేది. ఇద్దరెక్కితే నిండు. ముగ్గురెక్కితే తలుపు పడదు. దాన్ని జోగులు అనే డ్రైవరు నడిపేవాడు. నడిపేవాడంటే, అది నడిచినన్నాళ్లు నడిపేవాడు.

ఒకనాడు అది సరిగ్గా పైడమ్మ గుడిసె ముందుకొచ్చి ఆగిపోయింది. జోగులు దిగి చక్రాన్ని ఒక్క తన్ను తన్నాడు. గుడిసెలోంచి పైడమ్మ ఒక్క ఉరుకున బయటికొచ్చింది.

"ఓరి తమ్ముడా! దాన్నెందుకు తన్నుతావు? అడిగావా దాన్ని?"

"ఏటడగాలప్పా?"

"ఆకలా, దప్పికా, ఊపిరాడ్డం లేదా? పసిగుంట ఏడిస్తే అడగమేటి?"

జోగులు పొట్ట పట్టుకుని నవ్వాడు. "అయితే నువ్వే అడుగు. దొరకి కొత్త బండొచ్చింది. దీన్ని ఎక్కడ ఆగితే అక్కడ ఒగ్గీసి రమ్మన్నాడు. ఉంచుకో, కోళ్లగూడుకి పనికొస్తాది."

అలాగే పైడమ్మ దాంట్లో కోళ్లని పెట్టింది. ఒకవైపు తలుపు ఊడిపోతే వెదురుతో తలుపు అల్లింది, అచ్చం బుట్టమూతలాగే. పొద్దున్నే గుడ్లు తీసేటప్పుడు దాని వీపు మీద అరచెయ్యి పెట్టేది. "ఆకలా, దప్పికా, ఊపిరాడ్డం లేదా?" అనేది. పక్కవాళ్లు నవ్వేవాళ్లు. వాళ్లు నవ్వారని ఈవిడ మానలేదు.

జోగులుకి మాత్రం ఆ మాట చెవిలో జోరీగలా తిరిగింది. ఒక సంతరోజున ఉండబట్టలేక వచ్చాడు. బండి వెనక మూత ఎత్తాడు.

"ఇంజనేదిరా?" అంది పైడమ్మ తొంగిచూసి.

"ఇదేనప్పా. దీని గుండెకాయ ఎనకాల ఉంటాది."

"మరి ముందర?"

"ముందర వొట్టి కడుపే. సామాన్లు పెట్టుకోడానికి."

"ఓలమ్మ! ఎనక్కి తిరిగి పుట్టిందన్నమాట," అంది పైడమ్మ, బుగ్గన వేలేసుకుని.

జోగులు ఒక గొట్టం ఊడదీసి నోట పెట్టి ఉఫ్ఫని ఊదాడు. అందులోంచి ఇంత చెత్త ఎగిరిపడింది. "ఆకలేనప్పా! పెట్రోలు నోటికందలేదు పాపం!" అని పరిగెత్తుకెళ్లి ముందు కూచుని తిప్పాడు. బండి దగ్గింది. తుమ్మింది. గుర్రుమంది! కోళ్లన్నీ కిటికీల్లోంచి కొక్కొక్కోమని ఎగిరిపోయాయి. పైడమ్మ చేతిలో గుడ్లు చేతిలోనే చితికిపోయాయి. ఆవిడ చూసుకోలేదు. చప్పట్లు కొడుతూనే ఉంది!

ఆ ఎండాకాలమంతా గెడ్డ ఇసకలో జోగులు నేర్పాడు, పైడమ్మ నేర్చుకుంది. మొదట రాయిని గుద్దింది. తర్వాత గడ్డివామిని గుద్దింది. మూడోసారి దేన్నీ గుద్దలేదు. తలుపుకి బదులు బుట్టమూత, పక్కసీట్లో బుట్టలు, పైకప్పు మీద చేటలు! అలా పైడమ్మ గుమ్మడిబండి కొండెక్కుతుంటే పశువుల కాపర్లు పశువుల్నొదిలేసి వెంట పరిగెత్తేవాళ్లు.

ఇక్కడే ఒక తప్పు జరిగింది. ఎవరి తప్పూ అనలేం. అంతా ప్రేమతో చేసిందే.

బండి గుండెకాయ వెనకాల ఉంటుందని ఊరంతా తెలిసిపోయింది. వెనక మూతకి తడిక బద్దల్లాగ సన్నసన్నని సందులున్నాయి. అప్పటికి సీతాలు కడుపుతో ఉంది. కూతురు సుఖంగా నీళ్లాడితే అమ్మవారికి చీర పెడతానని పైడమ్మ మొక్కుకుంది. పసుపుగుడ్డలో బియ్యం, వక్క వేసి ముడుపు కట్టింది. ఎక్కడ కట్టాలి? మొక్కు గుండెల్లోంచి వస్తుంది గదా, గుండె దగ్గరే కట్టాలి. బండి వెనక సందుల్లోకి గుడ్డ దూర్చి గట్టిగా ముడేసింది.

అది చూసి ఎదురింటావిడ మేక ఈనాలని ఒక ముడి వేసింది. పక్కింటాయన కాలినొప్పి తగ్గాలని ఒక ముడి వేశాడు. కొండమీదివాళ్లు వానలు పడాలని ముడులే ముడులు. చూస్తుండగానే బండి వీపంతా పసుపుగుడ్డలు నిండిపోయి, పెళ్లికూతురిలా తయారైంది. పైడమ్మ మురిసిపోయింది.

ఒకనాడు పొద్దు నడినెత్తి దాటాక, అల్లుడు గురువులు కొండ మీంచి రొప్పుతూ వచ్చి పడ్డాడు.

"అత్తా! సీతాలుకి నొప్పులొచ్చీసాయి. బిడ్డ కాళ్లు ముందొస్తన్నాయట. మా ఊరి ముసలమ్మలు తమ వల్ల కాదన్నారు. అచ్చియ్యమ్మని బేగి తెమ్మన్నారు!"

అచ్చియ్యమ్మ అంటే చుట్టుపక్కల పేరున్న మంత్రసాని. కాళ్లతో వచ్చే బిడ్డని తిన్నగా తియ్యగలిగింది ఆ చేతులే. కానీ మనిషి భారీ మనిషి. మోకాళ్లు పట్టేశాయి. నడిచి కొండెక్కలేదు. ఎద్దుబండి మీద ఎక్కితే తెల్లారుతుంది. అంతదాకా సీతాలు ఆగలేదు.

పైడమ్మ బండి తీసుకెళ్లి అచ్చియ్యమ్మ గుమ్మంలో ఆపింది.

"ఓలే పైడీ, ఈ కోళ్లగంపలో నాను పడతానా?"

"పడతావప్పా. ఊపిరి బిగబట్టుకో!"

గురువులు వెనకనుంచి నెట్టాడు. అచ్చియ్యమ్మ పట్టింది. బుట్టతలుపు కిర్రుమంది. గురువులుకి ఇంక చోటు లేదు. "నువ్వు అడ్డదారిన లగెత్తు బాబూ, మేమొస్తన్నామని చెప్పు," అంది పైడమ్మ. ఒళ్లో నీళ్లకుండ పట్టుకుని అచ్చియ్యమ్మ, చక్రం పట్టుకుని పైడమ్మ. కొండ మొదలైంది.

మొదటి మలుపు దగ్గర బండి ఆగిపోయింది.

పైడమ్మ దిగి వెనక్కి పరిగెత్తింది. మూత ఎత్తి అడిగింది. "ఆకలా, దప్పికా, ఊపిరాడ్డం లేదా?" గొట్టం ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంది. ఆ వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోతోంది, నోటికి అందడం లేదు. ఆకలి! కొంగు చింపి, గెడ్డలో తడిపి, గొట్టానికి చుట్టింది. కాసేపటికి బండి గుర్రుమంది.

"చంటిదానికి తడిగుడ్డ ఏసినట్టేసావు గదే!" అంది అచ్చియ్యమ్మ.

రెండో మలుపు దగ్గర బండి ఆగిపోయింది.

మళ్లీ దిగింది, మళ్లీ పరిగెత్తింది, మళ్లీ అడిగింది. "ఆకలా, దప్పికా, ఊపిరాడ్డం లేదా?" లోపల కుతకుతమని నీళ్లు మరుగుతున్న చప్పుడు. దప్పిక! చల్లారేదాకా ఆగాలని జోగులు చెప్పాడు. ఆగడం ఎంత కష్టం! పైన కూతురు, కింద తను, మధ్యలో ఈ ఆగడం. చల్లారాక గుడ్డ వేసి నీళ్లతొట్టి మూత తిప్పి, కుండలో నీళ్లన్నీ పోసేసింది. బండి గుర్రుమంది.

"నాకు గుక్కెడైనా ఉంచలేదేటే!"

"బిడ్డని తియ్యప్పా, పాలు పోస్తాను!"

మూడో మలుపు దగ్గర బండి ఆగిపోయింది.

అక్కడ గెడ్డ లేదు. కుండలో నీళ్లు లేవు. ఒక పక్క లోయ, ఒక పక్క అడవి వెదురు పొద. పొద్దు వాలుతోంది. పైడమ్మ దిగింది గానీ ఈసారి పరిగెత్తలేదు. మెల్లగా వెళ్లి బండి వీపు మీద అరచెయ్యి పెట్టింది. "ఆకలా? పెట్టేను గదమ్మా. దప్పికా? పోసేను గదమ్మా. మరింకేటి?"

అరచేతికింద ముడులు తగిలాయి. ముడి మీద ముడి, ముడి మీద ముడి. గాలన్నది తగల్లేదు.

పైడమ్మ బుట్టలల్లే మనిషి. కోళ్లగంపకి సందులెందుకో, తట్టకి సందులెందుకో ఆవిడ వేళ్లకి తెలుసు.

"ఊపిరే! అప్పా, దీనికి ఊపిరాడ్డం లేదు! మనమే దీని ముక్కు మూసీసాం!"

"అయితే ఇప్పీవే!"

చెయ్యి వేసింది. మొదటి ముడి దగ్గరే చెయ్యి ఆగిపోయింది. అది తన ముడుపు. పురుడు రాకుండా ముడుపు విప్పితే ఏమవుతుందో! మొక్కు తప్పుతుంది. అమ్మవారికి కోపం వస్తే అది ఎవరి మీదకి పోతుంది? సీతాలు మీదకే కదా. "నా చేత్తో నానెలా ఇప్పనప్పా?" అని పైడమ్మ బండి వీపు మీద తలపెట్టి ఏడ్చింది.

బుట్టతలుపు తోసుకుని అచ్చియ్యమ్మ దిగింది. ఎలా దిగిందో ఆవిడకే తెలీదు. కుంటుకుంటూ వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఓలే పిచ్చిదానా! బిడ్డ అడ్డం తిరిగిన ఇంట్లోకి నానెళ్తే ముందేటి చేస్తానో తెలుసా? కొప్పు ఇప్పమంటాను. మొలతాడు ఇప్పమంటాను. కట్టుగొయ్యన ఆవుని ఇప్పమంటాను. పురుడొచ్చే పొద్దున ముళ్లు ఇప్పాలే గాని బిగించకూడదు! అమ్మవారు కూడా ఆడదేనే. ఆవిడకి తెలీదేటి?"

పైడమ్మ ముక్కు తుడుచుకుంది. తన ముడుపు ముడి పట్టుకుంది. గోరు విరిగింది. పన్ను పెట్టి లాగింది. ముడి ఊడింది! బియ్యం పిట్టలకి చల్లింది. వక్క అచ్చియ్యమ్మ నోట్లో వేసుకుంది. "మొక్కు నాకాడ భద్రంగా ఉందిలే," అంది నములుతూ.

ఇంక చూడాలి! ఒకవైపు పైడమ్మ, ఒకవైపు అచ్చియ్యమ్మ, విప్పడమే విప్పడం. మేక ముడుపు ఊడింది. కాలినొప్పి ముడుపు ఊడింది. వానల ముడుపులు వరసగా ఊడాయి. పరాయివాళ్ల మొక్కులు పారెయ్యకూడదు గదా, ఒక్కొక్కటీ ఆ వెదురు పొదకి కట్టేశారు. పొదంతా పసుపైపోయింది. కొండగాలి ఒక్కసారి విసురుగా వచ్చి బండి సందుల్లోకి ఈలవేస్తూ దూరింది.

పైడమ్మ వెళ్లి తిప్పింది. బండి దగ్గింది. తుమ్మింది. గుర్రుమంది!

అక్కడినుంచి ఊరిదాకా నిట్టనిలువు దారి. బుట్టలతో ఎప్పుడూ ఎక్కేదే గానీ, అచ్చియ్యమ్మ బరువుకి బండి ముందుకి రెండు బారలు పోయి వెనక్కి జారింది. ఎన్నిసార్లు తోలినా అంతే. అప్పుడు ఇసకలో నేర్పుతూ జోగులు అన్న మాట జ్ఞాపకం వచ్చింది. 'దీనికి ముందుకన్నా ఎనక్కి బలమెక్కువప్పా!' పైడమ్మ బండిని తిప్పింది. వీపు కొండవైపు, మొహం లోయవైపు. మెడ వెనక్కి తిప్పి, వెనక్కి తోలింది. గుర్రు, గుర్రు, గుర్రు! ఎక్కుతోంది!

"బిడ్డా కాళ్లతోనే వస్తంది, మనమూ ఎనక్కే వస్తన్నాం! తోలే పైడీ, తోలు!" అని అచ్చియ్యమ్మ బుట్టతలుపు మీద దరువేసింది.

ఊళ్లోవాళ్లు ముందు బండి వీపుని చూశారు. తర్వాత పొగని చూశారు. ఆఖరికి పైడమ్మ మొహాన్ని చూశారు. గురువులు, ఇంకో నలుగురూ కలిసి అచ్చియ్యమ్మని దింపారు. ఆవిడ గడప దాటుతూనే "కొప్పిప్పండే, ముళ్లన్నీ ఇప్పండే!" అని కేక పెట్టింది.

పైడమ్మ బండి పక్కనే నించుంది. చెయ్యి దాని వీపు మీదే ఉంది. ఇంజన్ చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది. దీపాలు పెట్టే వేళకి లోపలినుంచి ఒక ఏడుపు వినపడింది. ఎంత పెద్ద ఏడుపని! ఊరుఊరంతా నవ్వింది. ఆడపిల్ల, తల్లీపిల్లా క్షేమం. ఆ పిల్లకి గుమ్మడమ్మ అని పేరు పెట్టారు.

మర్నాడే పైడమ్మ అమ్మవారికి చీర పెట్టింది. మొక్కు తప్పలేదు.

ఆ తర్వాత ఆ సంగతి కొండ దాటిపోయింది. ఎక్కడెక్కడి చిన్నబండ్ల వాళ్లూ పైడమ్మ గుడిసె ముందుకొచ్చి ఆగేవాళ్లు. ఒకాయన "పొద్దున్నే లెగదమ్మా నా బండి" అనేవాడు. ఒకాయన "ఎడంపక్కకి తిప్పితే దానంతటదే హారన్ కొడతాది" అనేవాడు. ఒకాయన "నా బండి కంపు కొడతంది" అనేవాడు. పైడమ్మకి పానా పట్టుకోవడం కూడా సరిగ్గా రాదు. అందరికీ ఒకటే మాట. "అడిగావా దాన్ని?" వాళ్లు అడిగేవాళ్లు, చెయ్యి పెట్టేవాళ్లు, చెవి పెట్టేవాళ్లు. సగంమందికి అక్కడే జవాబు దొరికేది. మిగతా సగం జోగులు చూసుకునేవాడు. కంపు కొట్టే బండి ముందుకడుపులో ఎప్పుడో మరిచిపోయిన ఎండుచేపల పొట్లం దొరికింది. ఆయన సిగ్గుపడి వెళ్లిపోయాడు గానీ చేపలు పట్టుకునే వెళ్లాడు!

ఏళ్లు గడిచాయి. పైడమ్మ పండు ముసలిదయింది. ఆఖరిరోజున గుమ్మడమ్మ పక్కన కూచుని అమ్మమ్మ వీపు మీద అరచెయ్యి పెట్టింది. "ఆకలా అమ్మమ్మా? దప్పికా? ఊపిరాడ్డం లేదా?" అని అడిగింది.

పైడమ్మ నవ్వింది. "ఏటీ లేదే. ఒక్క కొప్పు ముడి ఇప్పీ," అంది.

గుమ్మడమ్మ విప్పింది. తెల్లటి జుట్టు తలగడంతా పరుచుకుంది. పైడమ్మ అలాగే వెళ్లిపోయింది.

ఇప్పుడా కొండకి పెద్ద దారి పడింది. పెద్దపెద్ద బండ్లు రయ్యిన పోతాయి. అయినా చిన్నబండ్ల వాళ్లు మూడో మలుపు దగ్గర ఆగుతారు. బండికి కట్టిన దండలూ గుడ్డలూ అన్నీ విప్పి అక్కడి వెదురు పొదకి కట్టేస్తారు. బండి వీపు మీద అరచెయ్యి పెట్టి ఆ మూడు మాటలూ అడుగుతారు. జవాబు వినేదాకా ఆగుతారు. ఆ మలుపుకి పేరు కూడా పడింది. ముడివిప్పు మలుపు అంటారు.

ఆ ఊళ్లో ఎవరింట్లోనైనా నొప్పులు మొదలైతే, ఇంట్లో ముళ్లన్నీ విప్పాక ఒకరు బయటికి పరిగెత్తి, వాకిట్లో ఏ బండి ఉంటే ఆ బండి వెనక మూత తెరిచి పెడతారు. ఎందుకు అని కొత్తకోడళ్లు అడుగుతారు.

"పైడమ్మ తల్లి వస్తంది. దారియ్యండి," అంటారు పెద్దవాళ్లు.