మార్జాలముని ఎనిమిదో అధ్యాయం

పూలకొండ రాజు బలభూపాలుడికి జలుబు చేసింది. మామూలు వాళ్ళకి చేస్తే ముక్కు తుడుచుకుని పనిలో పడతారు. రాజుకి చేసింది కాబట్టి రాజ్యమంతా పని మానేసి ఆయన ముక్కు గురించే ఆలోచించింది. తుమ్మిన ప్రతిసారీ సభలో తలో వైద్యం చెప్పేసరికి రాజుకి విసుగెత్తింది.

"మన వైద్యమంతా గ్రంథంగా రావాలి. ప్రతి మందు కిందా మూలం ఉండాలి. ఎవరు చెప్పారు, ఏ గ్రంథంలో, ఎన్నో అధ్యాయంలో. ఇదే వరస. ఎవరి గ్రంథం నెగ్గితే వాళ్ళే ఆస్థాన వైద్యులు. కోట వెనక మూలికల తోట కూడా వాళ్ళదే," అని ఆజ్ఞ వేశాడు.

ఆ మాటతో ముసలి వైద్యుడు ఓబళయ్య గుండె జారిపోయింది. ఆ తోటలో ప్రతి మొక్కా ఆయన తన చేత్తో నాటిందే. అది పోతే ఆయన బతికి ఏం చెయ్యాలి?

పైగా మూలాలు సరిచూసే పెత్తనం ఆస్థాన పండితుడు ఉద్దండ సోమయాజికి దక్కింది. ఆయనా పోటీలో ఉన్నాడు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టయింది.

ఓబళయ్య తాటాకులు పట్టుకెళ్తే సోమయాజి ముక్కు చిట్లించాడు.

"మిరియాల కషాయం. చెప్పినది మా మేనత్త పోలమ్మ. ఇదేం మూలమయ్యా? మేనత్తకి అధ్యాయం ఏది?"

"ఆవిడకి అధ్యాయాలు లేవండి. ముగ్గురు కొడుకులున్నారు."

"పేరు తరవాత గీత లేదు. గీత తరవాత చుక్క లేదు. తీసుకుపో."

ఓబళయ్య గీత పెట్టి తెచ్చాడు. గీత వంకర అన్నాడు. చుక్క పెట్టి తెచ్చాడు. చుక్క లావు అన్నాడు.

సోమయాజి గ్రంథంలో మాత్రం వాక్యానికో మహర్షి. ఉప్పునీళ్ళు పుక్కిలించమనడానికి కూడా ఒక మహర్షి తపస్సు చేశాడు పాపం. ఒకరోజు గొప్పకోసం నాలుగు ఆకులు సభలో చదివాడు. అందులో మిరియాల కషాయం ఉంది. మూలం: కటుకముని, కషాయ సంహిత, రెండో అధ్యాయం.

"మా అత్తకి గడ్డం మొలిపించాడు నాయనా," అని ఓబళయ్య ఆ సాయంత్రం బుచ్చన్న దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

బుచ్చన్న రాజుగారికి తాంబూలం అందించేవాడు. ఆకుకి సున్నం రాసినంత సులువుగా మనిషికి మాట రాసేవాడు. మోకాలు నొప్పికి ఓబళయ్య మందుతోనే నడుస్తున్నాడు కూడా. అతనికి ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు తాంబూలం అందిస్తూ రాజుతో అన్నాడు.

"ప్రభూ, ఇంతవరకు లోకంలో ఎవరూ అనని వైద్యం ఒకటి మీ నోటితో చెప్పండి. ఎంత పిచ్చిదైతే అంత మంచిది. ఎందుకని మాత్రం అడక్కండి."

పడకలో విసిగిపోయి ఉన్న రాజుకి ఈ ఆట నచ్చింది.

"నల్లపిల్లిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, దానికి నమస్కారం పెట్టి, 'అమ్మా, ఇది నీది' అని తుమ్మాలి. జలుబు పిల్లికి పోతుంది. చాలా?"

"చాలు ప్రభూ. ఇది మనిద్దరి మధ్యే ఉండాలి."

సోమయాజికి రోజూ వంటశాల అరుగు మీద జపం చేసుకునే అలవాటుంది. కళ్ళు మూసే ఉంటాయి కానీ చెవులు లోపల కూరల దాకా వెళ్తాయి. బుచ్చన్న సరిగ్గా అప్పుడే వెళ్ళి వంటమనిషి మాచమ్మతో కబుర్లు పెట్టుకున్నాడు.

"అక్కా, జలుబుకి పిల్లి వైద్యం విన్నావా?" అని అంతా వివరంగా చెప్పాడు. "పెద్దవాళ్ళ మాటట. ఎవరన్నారో మనబోటి వాళ్ళకేం తెలుస్తుంది."

అరుగు మీద జపమాల ఆగింది. పిల్లి దగ్గర ఒకసారి, నమస్కారం దగ్గర ఇంకోసారి.

తీర్పు రోజు వచ్చింది. ఓబళయ్య ఒక మూల నిలబడి తోటకి మనసులోనే వీడ్కోలు చెప్పుకుంటున్నాడు. సోమయాజి గొంతు సవరించుకుని చదివాడు.

"జలుబుకి పరమౌషధం. నల్లపిల్లికి నమస్కరించి, 'అమ్మా, ఇది నీది' అని తుమ్మవలెను. మూలం: మార్జాలముని, తుమ్ముల సంహిత, ఏడో అధ్యాయం."

రాజు నోట్లో తాంబూలం అలాగే ఉండిపోయింది.

"సోమయాజీ, ఆ గ్రంథం మీరు చదివారా?"

"పసితనంలోనే కంఠస్థం చేశాను ప్రభూ. అతి పురాతనం."

"వింతగా ఉందే. ఆ వైద్యం మొన్న నేను పడకలో కూర్చుని కల్పించాను."

సోమయాజి ముఖం తెల్లబడింది. కానీ ఉద్దండుడు ఊరికే అనిపించుకోలేదు. చప్పున సాష్టాంగపడ్డాడు.

"ఆహా, ఈనాటికి తెలిసింది. ఆ మార్జాలముని మళ్ళీ పుట్టి ప్రభువులయ్యారు. పూర్వజన్మలో రాసినది తమకి గుర్తొచ్చింది!"

రాజు మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. ముని అనిపించుకోవడం ఎవరికి చేదు? ఓబళయ్య కళ్ళు మూసుకున్నాడు. తోట పోయినట్టే.

బుచ్చన్న తాంబూలం పళ్ళెం కింద పెట్టి చేతులు జోడించాడు.

"సోమయాజి గారి మాటకి తిరుగులేదు ప్రభూ. ఆ గ్రంథం రాసింది తమరే. అయితే ఏడుతో ఆపారేం? ఎనిమిదో అధ్యాయంలో ఏం రాశారో కూడా సెలవివ్వండి."

రాజు బుచ్చన్నని చూశాడు. కింద పడుకున్న సోమయాజిని చూశాడు. మీసం కింద నవ్వు మొదలైంది.

"అవును, ఇప్పుడిప్పుడే గుర్తొస్తోంది. లేని మూలం చెప్పిన పండితుడు రోజూ తెల్లవారుజామునే చేదువేప కషాయం తాగి, ఓబళయ్య తోటకి నీళ్ళు తోడాలని రాశాను. ఏం సోమయాజీ, పాఠం సరిగ్గానే ఉందా?"

లేదంటే గ్రంథం అబద్ధం. ఉందంటే కషాయం. సోమయాజి నేల మీద నుంచి లేవకుండానే అన్నాడు.

"...ఉంది ప్రభూ. కంఠస్థమే."

సభ పగలబడి నవ్వింది. నవ్వీ నవ్వీ రాజుకి తుమ్ము వచ్చింది. వెంటనే ఓబళయ్య చేత మిరియాల కషాయం తెప్పించుకుని తాగి, బుచ్చన్న భుజాన తన సొంత శాలువా కప్పాడు. ఓబళయ్య గ్రంథమే నెగ్గింది. అందులో ఆ కషాయం కింద మూలం మాత్రం సోమయాజి చేతే రాయించాడు: పోలమ్మ, మేనత్త, వంటిల్లు. గీత తిన్నగా, చుక్క సన్నగా.